పాత కట్టడానికి మాడ్యులర్ పరంజా: గోడకు రంధ్రం వేయకుండా నిలబెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సున్నంతో కట్టిన పాత రాతి టవర్‌కు మరమ్మతు చేయించాలి, గోడకు డ్రిల్లింగ్ చేయొద్దని షరతు ఉంది, కాంట్రాక్టరు మాడ్యులర్ స్కాఫోల్డింగే (ముందే ఒకే కొలతకు తయారుచేసిన లోహపు గొట్టాలను బిగించి కట్టే పరంజా) కావాలంటున్నాడు. మామూలు కర్రల పరంజాతో పని జరగదా అన్నది మీ సందేహం.

ఇలాంటి పనులు రెండింట్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. ఒకటి టవర్, ఇంకోటి పొడవాటి వరండా ఉన్న పాత భవనం. మొదటిదాంట్లో చేసిన తప్పులు రెండోదాంట్లో చేయలేదు. కొత్తవి చేశాం, అది వేరే సంగతి.

మాడ్యులరే తీసుకోండి. అయితే ఏ సిస్టమ్ అని కాంట్రాక్టరుతో వాదించేముందు, ఆ పరంజా మీ కట్టడాన్ని ఎక్కడెక్కడ తాకుతుందో కాగితం మీద గీసి చూపించమనండి. కింద ఎన్ని పాదాలు, అవి దేనిమీద కూర్చుంటాయి, గోడను ఎక్కడ పట్టుకుంటుంది, గొట్టం చివర ఏ శిల్పానికి ఎంత దూరంలో ఆగుతుంది. ఆ బొమ్మ గీయలేనివాడికి పని ఇవ్వకండి.

మాడ్యులర్ ఎందుకంటే, అందులో కొలత మనిషి చేతిలో ఉండదు. ఇప్పుడు ఎక్కువగా కనిపించే రింగ్‌లాక్ రకంలో నిలువు గొట్టం మీద ప్రతి 50 సెంటీమీటర్లకు గుండ్రటి పళ్లెంలాంటి బిళ్ల వెల్డ్ చేసి ఉంటుంది. జర్మనీలో లేయర్ కంపెనీ 1974లో ఈ తరహా పద్ధతిని తెచ్చింది. బిళ్లకు ఎనిమిది రంధ్రాలుంటాయి. చిన్నవి నాలుగూ అడ్డగొట్టాన్ని కచ్చితంగా లంబకోణంలో పట్టుకుంటాయి, పెద్దవి నాలుగూ కాస్త కోణం మార్చుకోనిస్తాయి. అడ్డగొట్టం చివరుండే చీలను ఆ రంధ్రంలోకి సుత్తితో కొట్టి బిగిస్తారు. మొదటి దెబ్బలకు మొద్దు చప్పుడు వస్తుంది, బిగుసుకోగానే సుత్తి ఎగిరిపడి ఖంగుమంటుంది. మా దగ్గర ఒక పెద్దాయన కింద నిలబడి, పైకి చూడకుండానే, చప్పుడు విని "ఆ మూడోది మళ్లీ కొట్టు" అనేవాడు. కర్రల పరంజాలో తాడు ముడి మంచిదో కాదో అలా చెవితో తేల్చలేం. పైగా తాళ్లు తడిసి ఆరేకొద్దీ వదులవుతాయి. నెలల తరబడి నిలవాల్సిన పరంజాకు అది పెద్ద టెన్షన్.

ఇక దీని ఇబ్బంది. మాడ్యులర్ అంతా గళ్ల కాగితం, పాత గోడ కాదు. మా టవర్ నాలుగు ముఖాల్లో ఏ రెండూ ఒకే వెడల్పు లేవు, పైకి పోయేకొద్దీ లోపలికి సన్నబడుతుంది. కింద గోడకు జానెడు దూరంలో ఉన్న, పనివాళ్లు నిలబడే పలక, పైన మోచేయి చాపినా గోడ అందనంత దూరమైంది. చూరు కింది రాతి అంచు సరిగ్గా రెండు అంతస్తుల నడుమ వచ్చింది. పై పలక మీద కూర్చుంటే మోకాళ్ల కింద ఉంటుంది, కింది పలక మీద నిలబడితే తల పైన ఉంటుంది. ఇలాంటి చోట్ల విడి గొట్టాలు, క్లాంపులు కలిపి నింపాల్సిందే. "మొత్తం సిస్టమ్‌తోనే అయిపోతుంది" అని ఎవరైనా అంటే మీ గోడను వాళ్లు కొలవలేదని అర్థం. మేమూ ఒక్క ముఖం కొలిచి మిగతా మూడూ అంతే అనుకున్నాం.

పాదాల గురించి ఎవరూ మాట్లాడరు, దెబ్బతినేది అక్కడే. కింద ఉన్నది రాతి బండలే కదా అని బేస్ జాక్‌లను (ఎత్తు సవరించుకునే మరల పాదాలను) నేరుగా వాటిమీద పెట్టాం. బండ కింద పాత కాలువ ఉంది. రెండు రోజుల వాన తర్వాత ఒక మూల బండ పగిలి ఆ పాదం నాలుగు వేళ్లు దిగింది. ఏదీ పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పాదం గాల్లోకి పోతే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. అంతా ఖాళీ చేయించి, కింద మందపాటి చెక్కలు పరిచి, ఆ కాలువ మీదుగా ఉక్కు దూలం వేసి బరువును అవతలికి మళ్లించేదాకా పని ఆగింది. ముందే నాలుగు బండలు లేపి చూసుంటే ఒక పూట పని. మీ దగ్గర నేలమాళిగ, పాత బావి, సమాధులు లాంటివేవైనా ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి.

గోడను పట్టుకోవడం గురించి. డ్రిల్లింగ్ లేకుండా నిలబెట్టొచ్చు. కిటికీలు ఉంటే అదే అన్నిటికంటే తేలిక: గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి పోనిచ్చి, లోపలి గోడకు అడ్డంగా ఇంకో గొట్టం వేసి, మధ్యలో చెక్క, రబ్బరు పెట్టి బిగిస్తారు. కిటికీలు లేని ముఖానికి పరంజా అడుగును వెడల్పు చేయాలి, లేదా అడుగున కాంక్రీటు దిమ్మెల బరువు వేయాలి. అమెరికాలో పనిచోటి భద్రత చూసే ఓషా సంస్థ నియమం ప్రకారం ఎత్తు, అడుగు వెడల్పుకు నాలుగు రెట్లు దాటితే ఏదో ఒకదానితో పట్టి ఉంచాల్సిందే. టవర్‌కు ఇంకో సుళువుంది. నాలుగు వైపులా కట్టి మూలల్లో కలిపేస్తే పరంజా ఒక పెట్టెలా టవర్‌ను చుట్టుకుంటుంది, తనను తానే పట్టుకుంటుంది. మేం చివరికి చేసింది అదే. రంధ్రం తప్పదనుకున్న చోట రాతిలో వేయకండి, దర్జులో, అంటే రాయికీ రాయికీ మధ్య సున్నం నింపిన సందులో, వేయించండి. దర్జు సున్నాన్ని మళ్లీ నింపొచ్చు, రాయిని నింపలేం. పాత సున్నం ఎంత పట్టు ఇస్తుందో కంటికి తెలియదు కాబట్టి ఆ రంధ్రంలో బిగించే ప్రతి యాంకర్‌నూ (పరంజాను గోడకు పట్టి ఉంచే మేకును) లాగి పరీక్షించాలి.

పరంజా చుట్టూ వల, టార్పాలిన్ పట్టా కడితే లెక్కంతా మారిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఉత్త గొట్టాలకు చేసిన డిజైన్ మీద తర్వాత ఎవరో పట్టా చుట్టేస్తే అది తెరచాపే. కానీ సున్నపు పనికి నీడ కావాలి, తొందరగా ఆరితే పొడి రాలిపోతుంది. అందుకే వల ఉంటుందని మొదటి రోజే డిజైనర్‌తో చెప్పండి. ఇంకొకటి, మేం ఆకుపచ్చ వల కట్టాం. ఆ వెలుతురులోనే కొత్త దర్జుకు పాత దర్జు రంగు కలిపి భలే కుదిరిందనుకున్నాం. వల తీశాక చూస్తే గోడంతా చారలు. రంగు నమూనాలు వల బయట ఎండలో చూడండి.

బరువు విషయంలో ఒక లెక్క సరిపోతుంది. యూరప్ ప్రమాణంలో 3వ తరగతి పలక చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోస్తుంది, 4వది 300, 6వది 600. అరవై, నలభై, ముప్పై సెంటీమీటర్ల గ్రానైటు రాయి ఒక్కటే 190 కిలోల పైన తూగుతుంది. రాళ్లు మార్చే పనైతే ఆ మాట ముందే చెప్పాలి. రంగులు వేయడానికి కట్టిన పరంజా మీద రాళ్లు దించనివ్వకండి.

వెల్డింగ్ లాంటి నిప్పు పని ఉంటే ఇంకా జాగ్రత్త. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న కాలినప్పుడు మరమ్మతు కోసం కట్టిన పరంజా అక్కడే ఉంది. మంటకు కారణం పరంజా అని కాదు. కానీ సుమారు 40,000 గొట్టాలు వేడికి ఒకదానికొకటి అతుక్కుని ఆ చర్చి మీదే వేలాడాయి. తాళ్లతో దిగి ఒక్కో ముక్కా కోసి తీయడం 2020 జూన్‌లో మొదలై నవంబరు దాకా సాగింది. అంతసేపూ ఆ బరువు కట్టడం మీదే.

అద్దె ఎక్కువేనన్నది నిజం. కానీ మాడ్యులర్‌లో రోజుల లెక్క తెలుస్తుంది, కాబట్టి ఎక్కించే తేదీ కంటే దించే తేదీ గురించి గట్టిగా అడగండి. దించేది పైనుంచి కిందికి. గోడకు పట్టిన చోట్లను ఆ అంతస్తు దిగేటప్పుడే పూడ్చేయాలి. దానికి అదే సున్నం, అదే ఇసుక ఒక డబ్బాలో పక్కన పెట్టుకోండి. మేం మరిచిపోయాం. మా టవర్ పడమటి ముఖం మీద, చూరుకు కాస్త కింద, ఒక రంధ్రం ఇప్పటికీ అలాగే ఉంది. పిచ్చుక ఒకటి వస్తూ పోతూ ఉంటుందట.