జీవో 111 పోయినట్టేనా?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర ప్లాటు చూశామండీ. జీవో 111 ఎప్పుడో పోయింది, టెన్షన్ పడొద్దంటున్నాడు బ్రోకరు. ఒక ప్రభుత్వం పెట్టిన ఆంక్షల్ని ఇంకో ప్రభుత్వం అంత తేలిగ్గా తీసేయగలదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ప్రయత్నించగలదు, నా బాధ కూడా అదే. జీవో అంటే శాసనసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు, దాన్ని ఇంకో ఉత్తర్వుతో మార్చేయొచ్చు. 1996లో ఈ జీవో 111తోనే, హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దన్నారు. ఆ తర్వాత ఒక నూనెల కంపెనీకి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, 2000లో సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. తాగునీటి విషయంలో కోర్టు అంత గట్టిగా నిలబడటం నాకు చాలా నచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆంక్షలు తీసేసింది, అయితే జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టి, మార్గదర్శకాల కోసం ఒక కమిటీ వేసింది. 2023లో కేబినెట్ కూడా 111 రద్దుకు నిర్ణయించింది.

కాబట్టి బ్రోకరు మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. లేఅవుట్‌కు అనుమతి కాగితం చూపించమనండి, ఆ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లోగానీ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) బఫర్‌జోన్‌లోగానీ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) ఉందేమో మ్యాపులో మీరే చూసుకోండి.