హాంకాంగ్‌కు ముందే రాసిపెట్టారు, హైదరాబాద్‌కు ఎందుకు రాయలేదు?

బ్రిటన్ పాలనలో ఉన్న హాంకాంగ్‌ను చైనాకు అప్పగించే విషయంలో ఆ రెండు దేశాలు 1984లోనే ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దాని ఆధారంగా హాంకాంగ్ పాలన ఎలా సాగాలో చెప్పే మౌలిక చట్టం (బేసిక్ లా) 1990లో ఆమోదం పొంది, 1997 జూలై 1న అమలులోకి వచ్చింది. అధికారం ఎవరికి దక్కుతుందో ముందే తేలినందువల్ల, పాలన ఎలా ఉండాలన్నది తీరిగ్గా రాసుకోగలిగారు.

మన హైదరాబాద్ సంస్థానంలో అధికారం ఎవరిదన్న అసలు ప్రశ్నే తేలలేదు. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం చేసుకున్న యథాతథ ఒప్పందం ఏడాదికి మాత్రమే. అది పాత ఏర్పాట్లను కొనసాగించి, సార్వభౌమత్వాన్ని పక్కన పెట్టింది. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లోపం, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడకపోవడం. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ అడిగింది అదే. దానికి నిజాం ఒప్పుకొని ఉంటే చర్చలకు ప్రజల గొంతు తోడయ్యేది.

చివరికి 1948 సెప్టెంబరులో సైనిక చర్య ముందు జరిగింది, రాజ్యాంగం తర్వాత వచ్చింది. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు 23న. ఎన్నికైన ప్రభుత్వం కోసం 1952 దాకా, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.