జీసీఎస్‌ఈలో లండన్ ఫస్టంట, మరి మనం న్యూకాజిల్ పోవాల్నా వద్దా?

ఆగస్టులో సెలవు పెట్టి అనంతపురం వస్తే ఒకప్పుడు అందరూ జీతమెంత, ఇల్లు కొన్నావా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు పిల్లల చదువు తప్ప వేరే మాట లేదు. ఇంగ్లండ్‌లో మన పదో తరగతిలాంటి జీసీఎస్‌ఈ ఫలితాలు ఆగస్టులోనే ఒక గురువారం వస్తాయి, ఆ రాత్రికల్లా ఎవరో ఒకరు ప్రాంతాలవారీ పట్టిక ఫోన్‌కి పంపుతారు. "అక్కా, లండన్ పైనుంది, మీ నార్త్ ఈస్ట్ అడుగునుంది, మా ఆయనకేమో న్యూకాజిల్‌లో ఉద్యోగమొచ్చింది, పాపను తీసుకుపోవాల్నా వద్దా?" గుంతకల్లు నుంచీ ఇదే, ప్రొద్దుటూరు నుంచీ ఇదే, నంద్యాల నుంచీ ఇదే. ఒకాయనైతే న్యూకాజిల్ ఆఫర్ వదులుకుని లండన్‌లో తక్కువ జీతానికి చేరతానంటున్నాడు, పిల్లోడి మార్కుల కోసమంట. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నా.

నేనుండేది మిడిల్స్‌బరో దగ్గర, అంటే ఆ అడుగున ఉన్న ఇంగ్లండ్ నార్త్ ఈస్ట్‌లోనే, న్యూకాజిల్ కూడా ఈ ప్రాంతంలోదే. నా పిల్లలు చదివింది కూడా అక్కడి సర్కారు బడిలోనే. కాబట్టి మా ఊరిని వెనకేసుకొస్తున్నానని అనుకున్నా నాకేం బాధ లేదు.

పట్టిక అబద్ధం కాదు. 2024లో లండన్‌లో 28.5 శాతం గ్రేడ్లు 7 గానీ ఆపైన గానీ వచ్చాయి, నార్త్ ఈస్ట్‌లో 17.8 శాతం. కోవిడ్‌కి ముందు, 2019లో, ఇవే లెక్కలు 25.7, 16.4. అంటే తేడా పెరిగిందే గానీ తగ్గలేదు. గ్రేడ్ల సంగతి తెలియనివాళ్ళకి చెప్తా: ఇంగ్లండ్‌లో 9 అన్నిటికన్నా పైది, 1 అన్నిటికన్నా కింద, పాత ఏ, బీ, సీలు తీసేసి 2017లో ఇంగ్లిష్, లెక్కలతో మొదలుపెట్టి ఈ అంకెలు తెచ్చారు. 7 అంటే దాదాపు పాత ఏ. 4 వస్తే పాస్, 5 వస్తే గట్టి పాస్. ఇంగ్లిష్‌లోనో లెక్కల్లోనో 4 కూడా రాకపోతే 18 ఏళ్ళొచ్చేదాకా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి, వదలరు. 4, ఆపైన గ్రేడ్ల లెక్క తీస్తే 2024లో అన్నిటికన్నా అడుగున ఉన్నది నార్త్ ఈస్ట్ కాదు, వెస్ట్ మిడ్‌లాండ్స్. బర్మింగ్‌హామ్, కవెంట్రీ ఉండేది అక్కడే, మనవాళ్ళూ బాగానే ఉన్నారు. ఆ లెక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు ఎందుకో.

ఇంకో సంగతి. మన దగ్గర పాస్ శాతమంటే నూరుమంది పిల్లల్లో ఎంతమంది గట్టెక్కారని. అక్కడి 28.5 పిల్లల లెక్క కాదు, రాసిన సబ్జెక్టుల లెక్క. ఒకే పిల్ల తొమ్మిది సబ్జెక్టుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే ఆ పిల్ల తొమ్మిదిసార్లు లెక్కకొస్తుంది. పైగా ప్రైవేటు బళ్ళు కూడా అందులో కలిసే ఉంటాయి, ఆ బళ్ళలో 7, ఆపైన గ్రేడ్లు దాదాపు సగం. అట్లాంటి బళ్ళు లండన్‌లో, దాని చుట్టుపక్కల దండిగా ఉన్నాయి, మా వైపు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మీరు ఏటా వేల పౌండ్ల ఫీజు కట్టి ప్రైవేటుకి పంపేవాళ్ళయితే ఈ రాతతో మీకు పనే లేదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2024 పదో తరగతి ఫలితాలు గుర్తున్నాయి కదా? రాష్ట్రం మొత్తానికి 86.69 శాతం, పార్వతీపురం మన్యం 96.37తో ఫస్టు, మన కర్నూలు 62.47తో ఆఖరు. అంతకు ముందు ఏడాది ఆఖరున ఉన్నది నంద్యాల, 60.39. ఈ లెక్క చూసి ఎవరైనా "కర్నూలు పిల్లలకి చదువు రాదు, అక్కడ కాపురం పెడితే మన పిల్ల చెడిపోతుంది" అంటే మీరు ఊరుకుంటారా? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు వానల్లేని ఏడాది ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. ముసలివాళ్ళని ఇంటి దగ్గర వదిలి పిల్లల్ని వెంటబెట్టుకుని పోతారు. నెలల తరబడి బడికి రాని పిల్ల మార్చిలో వచ్చి పరీక్ష ఎట్లా రాస్తుంది? ఆ 62లో ఉన్నది ఆ పిల్లల కష్టం. కర్నూలు టౌన్‌లో టీచర్ కూతురికీ ఆ అంకెకీ సంబంధం చాలా తక్కువ. ఇంకా తమాషా ఏమంటే 2025లో మళ్ళీ మన్యమే ఫస్టు, 93.90. ఆఖరు అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64. రెండూ పక్కపక్కనే, రెండూ గిరిజన ప్రాంతాలే. ఏజెన్సీ అనే ఒక్క మాట పట్టుకుని ఈ రెండు జిల్లాల పిల్లల గురించి ఏం చెప్పగలం?

నార్త్ ఈస్ట్ కథ కూడా ఇట్లాంటిదే, కాకపోతే అక్కడ వాన బదులు ఫ్యాక్టరీ. డరమ్‌లో బొగ్గు గనులు, సండర్లాండ్‌లో ఓడల తయారీ, మా టీసైడ్‌లో ఉక్కు, ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. మాకు దగ్గర్లోని రెడ్‌కార్ స్టీల్ ప్లాంట్ 2015లో ఆగిపోయింది. తాతకి, తండ్రికి పని ఉండి కొడుక్కి లేని ఇళ్ళు చాలా ఉంటాయి అక్కడ. బళ్ళో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల శాతం దేశంలో నార్త్ ఈస్ట్‌లోనే ఎక్కువ, అక్కడ ఆ భోజనం లెక్కే పేదరికానికి కొలత. నైట్ డ్యూటీలో నాతో పనిచేసే తెల్లవాళ్ళని అడిగితే వాళ్ళే చెప్తారు, మా నాన్న పదహారేళ్ళకే గనిలో చేరాడు, చదువు ఎందుకని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదని.

అదే లండన్ 1990లలో దేశానికి తలనొప్పి. ఇన్నర్ లండన్ బళ్ళంటే భయపడి ఊళ్ళు మారినవాళ్ళున్నారు. 2003లో ప్రభుత్వం లండన్ ఛాలెంజ్ అని ఒక పథకం పెట్టి 2011 దాకా నడిపింది, బాగున్న బళ్ళ హెడ్‌మాస్టర్లని బాగలేని బళ్ళకి తోడుగా పంపింది. ఫలితాలు ఎక్కడికో పోయాయి. దానివల్లేనా, ప్రైమరీ చదువు ముందే బాగుపడిందా, లేక పట్టుదలతో వచ్చిన వలసవాళ్ళ పిల్లలు ఎక్కువవడం వల్లనా అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ చివరి కారణం మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే ఇంగ్లండ్‌లో జాతులవారీగా లెక్క తీస్తే చైనా పిల్లల తర్వాత సగటున బాగా చేసేది ఇండియన్ పిల్లలే. లండన్‌ని పైకి లేపిన వాటిలో మీ పిల్లలాంటి పిల్లలూ ఒక కారణమైనప్పుడు, మీరు ఆ కారణాన్ని సూట్‌కేస్‌తో పాటు మోసుకొస్తూ దానికోసం లండన్‌లో ఒక బెడ్‌రూమ్ ఇంటికి జీతంలో సగం ఎందుకు పోయాలి చెప్పండి.

సరే, మరి దేన్ని చూడాలి? అన్నిటికన్నా ముందు పిల్ల ఏ క్లాసులో దిగుతుందో చూడండి. మన క్లాసుకి ఒకటి కలిపితే దాదాపుగా అక్కడి ఇయర్ వస్తుంది. సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 మధ్య పుట్టినవాళ్ళంతా ఒక బ్యాచ్, వయసుని బట్టే కూర్చోబెడతారు, మీ టీసీ ఎవరూ అడగరు. ఇయర్ 7, 8, 9లో దిగిన పిల్లకి ఇంగ్లిష్ యాస అలవాటవడానికి, నోట్సు రాసే పద్ధతి పట్టుకోవడానికి టైముంటుంది. ఇయర్ 10లో జీసీఎస్‌ఈ సిలబస్ మొదలైపోతుంది, కొన్ని బళ్ళు 9లోనే మొదలుపెడతాయి. ఇయర్ 11లో దిగిన పిల్ల సగం కథ అయిపోయాక సినిమా హాల్లోకి వచ్చినట్టే. అందుకని కడపలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లని "లండన్ బడిలో సీటు దొరికేదాకా ఇక్కడే ఉండనీ" అని ఆపడం కన్నా, సండర్లాండ్‌లోనో డార్లింగ్టన్‌లోనో ఇప్పుడే చేర్పించడం వెయ్యి రెట్లు మేలు.

ఒకసారి ఇయర్ 10 మొదలయ్యాక ఊరు మారొద్దు. ఈ ముక్క గట్టిగా చెప్తున్నా. మన ఎస్‌ఎస్‌సీ బోర్డులాగా ఒకటే బోర్డు కాదు అక్కడ, ఏక్యూఏ, ఎడెక్సెల్, ఓసీఆర్ అని వేర్వేరు ఉన్నాయి, బడి తనకి నచ్చింది తీసుకుంటుంది, సబ్జెక్టుకొక బోర్డు కూడా తీసుకోవచ్చు. ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఈ బడిలో చదివిన నాటకం ఆ బడిలో ఉండకపోవచ్చు, హిస్టరీలో యుద్ధమే మారిపోవచ్చు. నాన్న కాంట్రాక్టు అయిపోయిందని మధ్యలో ఊరు మారి, కొత్త బడిలో నాలుగు పుస్తకాలు మొదటినుంచి చదవాల్సి వచ్చిన పిల్లల్ని మా చుట్టుపక్కలే చూశా.

బడి ఎంచుకోవడానికి ప్రాంతం కాదు, ఆ ఒక్క బడి లెక్క చూడండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రతి బడిదీ ఉంటుంది. ఇంగ్లిష్, లెక్కలు రెండింట్లో 5, ఆపైన తెచ్చుకున్నవాళ్ళెంతమందో మొదట చూడండి. తర్వాత ప్రోగ్రెస్ 8. అంటే పదకొండేళ్ళప్పుడు ఎక్కడున్న పిల్లని పదహారేళ్ళకి ఎక్కడికి తెచ్చారనే కొలత. సున్నా అంటే దేశ సగటు, ప్లస్ అయితే బడి కష్టపడుతున్నట్టు. పేద ఏరియాలో ఉండి కూడా ప్లస్ ఉన్న బడి దొరికితే కళ్ళు మూసుకుని చేర్పించండి. కోవిడ్ వల్ల 2020, 2021లో ఆ పదకొండేళ్ళ పరీక్షలు జరగలేదు, అందుకని 2025, 2026 బ్యాచ్‌లకి ప్రోగ్రెస్ 8 ఉండదు, 2024ది చూసుకోవాలి. ఇళ్ళ ఏజెంట్లు "ఔట్‌స్టాండింగ్ స్కూల్ పక్కనే" అని అద్దె పెంచి చెప్తుంటారు. బడి మొత్తానికి ఒక్క మాటలో ఇచ్చే ఆ రేటింగ్‌ని బళ్ళు తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ 2024 సెప్టెంబర్‌లోనే ఎత్తేసింది. రిపోర్టు ఏ ఏడాదిదో చూసి చదవండి.

సీటు ఎక్కువ చోట్ల ఇంటి దూరాన్ని బట్టి వస్తుంది. ఇయర్ 7కైతే ముందు ఏడాది అక్టోబర్ 31 లోపల కౌన్సిల్‌కి, అంటే మన మున్సిపాలిటీ లాంటి దానికి, అప్లై చేయాలి, మార్చి 1న చెప్తారు. మధ్యలో దిగేవాళ్ళు ఇన్-ఇయర్ అడ్మిషన్ అని అడగాలి. పోయిన ఏడాది ఎంత దూరం దాకా సీటు ఇచ్చారో చాలా కౌన్సిళ్ళు వెబ్‌సైట్‌లో పెడతాయి, అది చూడకుండా అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. గ్రామర్ స్కూళ్ళ గురించి, అంటే ఎంట్రన్స్ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సర్కారు బళ్ళ గురించి, అడిగేవాళ్ళకి: దేశం మొత్తం మీద ఉన్నవి 163, కెంట్, బకింగ్‌హామ్‌షైర్, లింకన్‌షైర్ లాంటి చోట్ల. నార్త్ ఈస్ట్‌లో ఒక్కటీ లేదు. అందుకని మా ఊళ్ళో పదేళ్ళ పిల్లలకి ట్యూషన్ గోల కూడా లేదు, నాకైతే అది లాభం కిందే లెక్క.

ఎడిన్‌బరోకో గ్లాస్గోకో పోయేవాళ్ళకి ఇదంతా వర్తించదు, స్కాట్లాండ్‌లో జీసీఎస్‌ఈ లేదు, నేషనల్ 5 అని వేరే ఉంటుంది. వేల్స్‌లో జీసీఎస్‌ఈనే గానీ ఇంకా అక్షరాల గ్రేడ్లే. తెలుగు సబ్జెక్టుగా రాయొచ్చా అని మొన్న ఒక తాత అడిగాడు, లేదు తాతా. ఉర్దూ, గుజరాతీ, పంజాబీ, బెంగాలీ ఉన్నాయి గానీ మనది లేదు.

ఇక పదో తరగతి ఇక్కడే ముగించి వచ్చే పిల్లల సంగతి. వాళ్ళు నేరుగా మన ఇంటర్ లాంటి సిక్స్‌త్ ఫామ్‌కో కాలేజీకో పోతారు. మన స్టేట్ బోర్డు మార్కుల్ని కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఇంగ్లిష్, లెక్కలు జీసీఎస్‌ఈ మళ్ళీ రాయిస్తాయి. టికెట్ కొనకముందే ఆ ఊళ్ళోని రెండు మూడు కాలేజీలకి మార్కుల మెమో స్కాన్ చేసి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకోండి. ఫోన్లో "నో ప్రాబ్లమ్" అన్నవాళ్ళు సెప్టెంబర్‌లో మీరు పోయేసరికి ఆ సీట్లో కూర్చుని ఉండరు.