సెట్ బాగుందన్న కాగితమే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఒక కార్ డెకార్ షాపులో నా కారుకు కొత్త మ్యూజిక్ సెట్, యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించాను. మొత్తం 46,500 రూపాయలు. ఫోన్‌పేలో 40,000, మిగతాది క్యాష్. బిల్లు ఇవ్వలేదు, విజిటింగ్ కార్డు వెనక లెక్క రాసిచ్చారు. ఆ రోజు నుంచే ఇంజన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలో కుయ్‌మని రొద. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది. నాన్నగారికి పాత పాటలంటే ప్రాణం, ఆయన కోసమే పెట్టించాను. ఇప్పుడు ఆయనే ఆపేయమంటున్నారు. షాపాయన వాట్సాప్‌లో ‘వచ్చే వారం రండి’ అంటూ తిప్పి తిప్పి, చివరికి సెట్‌లోనే లోపం, కంపెనీని అడగమన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు సెట్ విప్పి, టేబుల్ మీద వేరే కరెంటుతో ఆడించి, ‘రొద లేదు, సెట్ బాగుంది’ అని జాబ్ షీట్ రాసి పంపేశారు. అందరూ చేతులెత్తేశారు. తెలిసిన మెకానిక్ వైరింగ్ మొత్తం పీకి కొత్తగా వేస్తానంటున్నాడు. అలా చేయించుకుని ఆ ఖర్చు కూడా కలిపి షాపు మీద కేసు వేయొచ్చా? మనోవేదనకు 5 లక్షలు అడగొచ్చా?

జవాబు: రొద సెట్‌లో పుడుతోందా, బిగించిన తీరులో పుడుతోందా? మీ కేసు తేలేది ఈ ఒక్కదాని మీదే. సెట్‌లో అయితే అది వస్తువు లోపం. తయారీ కంపెనీని కూడా పార్టీగా చేర్చి, లోపాన్ని నిపుణుడి పరీక్షతో రుజువు చేయాలి. బిగింపులో అయితే అది సేవాలోపం, జవాబు చెప్పాల్సింది షాపే.

మీరు విసుగ్గా ప్రస్తావించి వదిలేసిన జాబ్ షీట్‌లోనే దీనికి సమాధానం ఉంది. కారు బయట రొద లేదు, కారులో ఇంజన్ తిరిగితే ఉంది. సెట్‌లో లోపం లేదని కంపెనీయే రాసిచ్చింది. ఆ కాగితం మీకు వ్యతిరేకమనుకున్నారు, కానీ మీ ఫైల్లో మొదట ఉండాల్సింది అదే. పోగొట్టుకుని ఉంటే రేపే వెళ్లి స్టాంపు వేసిన కాపీ తెచ్చుకోండి.

ఇంజన్ వేగంతో పాటు హెచ్చే రొద సాధారణంగా ఆల్టర్నేటర్ వల్ల వస్తుంది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటులో కాస్త ఒడుదుడుకు ఎప్పుడూ ఉంటుంది. ఎర్త్ సరిగా లేకపోతే అది పాటలోకి చొరబడుతుంది. యాంప్లిఫయర్ ఎర్త్ వైరు ఎక్కడ బిగించారో వెతకండి. బాడీ మీద పెయింట్ గీకకుండా, దాని మీదే స్క్రూ బిగించారేమో చూడాలి. బ్యాటరీ నుంచి వచ్చే లావు పవర్ వైరును, సెట్ నుంచి యాంప్లిఫయర్‌కు పాటను మోసే ఆర్‌సీఏ కేబుల్‌ను ఒకే కార్పెట్ కింద కలిపి లాగారేమో చూడాలి. ఈ రెండూ బిగించినవాడి పని. అయితే సర్వీస్ సెంటర్ వాళ్లు యాంప్లిఫయర్‌ను పరీక్షించలేదు. అవతలి లాయరు పట్టుకునేది అక్కడే. అందుకే ఇంకో తనిఖీ కావాలి.

మీ మెకానిక్‌ను మాత్రం ఇప్పుడు ఆ వైర్ల మీద చెయ్యి వేయనివ్వకండి. ఆయన పీకేసిన మరుక్షణం మీ కేసు పోయినట్టే. ‘మేం వేసిన వైరింగ్ ఇది కాదు’ అని షాపాయన ఒక్క మాట అంటాడు, దానికి మీ దగ్గర జవాబుండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపగలదు. పరీక్షించడానికి ఏదైనా మిగలాలి కదా! ముందు మీరే వీడియో తీయండి. ఇంజన్ ఆపి పాట, తర్వాత స్టార్ట్ చేసి, ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కనిపించేలా యాక్సిలరేటర్ తొక్కుతూ, కట్ లేకుండా ఒకే షాట్‌లో. తర్వాత తేదీ చెప్పి షాపును కూడా రమ్మని రాతపూర్వకంగా పిలిచి, ఆటో ఎలక్ట్రికల్ పనిలో అర్హత ఉన్నవారితో తనిఖీ చేయించండి. ఎర్త్ స్క్రూ, కేబుళ్ల ఫొటోలతో రిపోర్టు, దానికి ఆయన అఫిడవిట్ తీసుకోండి. కొత్త వైరింగ్ మాట ఆ తర్వాత, అదీ కమిషన్‌కు చెప్పాకే.

ఇక గడువు. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. రొద మొదటి రోజు నుంచే ఉందని మీరే రాశారు కాబట్టి లెక్క 2024 ఆగస్టు 9 నుంచే. ‘వచ్చే వారం రండి’ అన్న మెసేజ్‌లు గడువును పెంచవు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉంది గానీ, షాపువాడి మాట నమ్మి కూర్చున్నానంటే కమిషన్ ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. 2026 జూలైలోపే వేసేయండి.

46,500 చేతిలో పెట్టి విజిటింగ్ కార్డు తీసుకుని రావడం ఏమిటండీ? చదువుకున్నవారు చేయాల్సిన పనేనా? బిల్లు ఇవ్వకపోవడం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి, దాన్ని కూడా ఫిర్యాదులో రాయండి. 40,000కు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. క్యాష్‌గా ఇచ్చిన 6,500కు ఆ కార్డు వెనక రాతే దిక్కు, దాన్ని భద్రంగా పెట్టండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ప్రింట్లు, వీడియోతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జత చేయండి.

షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఖమ్మంలో ఉంటున్నారు కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ముందు షాపుకు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా మంచిదే, ఒక్కోసారి అక్కడే తెగుతుంది. వాళ్ల జవాబు కోసం మాత్రం గడువు పోగొట్టుకోకండి.

మనోవేదనకు 5 లక్షల మాట వదిలేయండి. 46,500 పనికి అంత అడిగితే మీ అసలు ఫిర్యాదును కూడా అనుమానంగా చూస్తారు. లోపం సరిచేయాలి, లేదా సొమ్ము వాపసు ఇవ్వాలని అడగండి. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు తిరిగిన ప్రయాణ ఖర్చులు రసీదులతో, పరిహారం సబబైన మొత్తంలో, కేసు ఖర్చులు విడిగా రాయండి.