స్కూల్ జోన్ మారుస్తున్నారు, ఇల్లు అమ్మేయాలా?

ఈ నెల అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల, స్కూల్ బౌండరీలు, అంటే ఏ ఇంటి పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్ళాలో తేల్చే గీతలు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈసారి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: 2021లో డాలస్ ఉత్తర శివార్లలో ఇల్లు కొన్నాం. అప్పటి పోటీ మీకు తెలిసిందే, అడిగిన రేటు మీద ఇంకా పెంచి మరీ తీసుకున్నాం. అంత పెట్టింది ఆ హైస్కూల్ కోసమే. ఇప్పుడు మా కమ్యూనిటీని పక్క హైస్కూల్‌కి మార్చాలని ఇక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు కొత్త మ్యాప్ పెట్టారు. వాట్సాప్ గ్రూపులో రోజూ రచ్చే. ఒకాయనైతే ఇంటికి యాభై వేల డాలర్లు పోయినట్టేనని తేల్చేశారు. బోర్డు ఓటింగ్ కాకముందే అమ్మేసి ప్రాస్పర్ వైపు వెళ్ళిపోదామంటున్నారు మా వారు. పాప ఏడో గ్రేడ్, బాబు మూడో గ్రేడ్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఆ యాభై వేల లెక్క ఎలా వచ్చిందో ఆయన్నే అడగండి. సమాధానం రాదు.

స్కూల్ మారితే ధర మీద ప్రభావమే ఉండదని నేను అనను, ఉంటుంది. ఎంత అన్నదే ప్రశ్న. సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో దీన్ని తేల్చడానికి ఒక తెలివైన దారి పట్టుకున్నారు, 1999లో అచ్చయింది ఆ పని. మంచి స్కూలున్న ఊరినీ లేని ఊరినీ పోల్చకుండా, ఒకే డిస్ట్రిక్ట్‌లో ఎలిమెంటరీ స్కూల్ బౌండరీకి అటూ ఇటూ ఆనుకుని ఉన్న ఇళ్ళని మాత్రమే తీసుకున్నారు. అదే ఊరు, అదే టాక్సు, ఇంచుమించు అవే వీధులు, తేడా అల్లా పిల్లలు వెళ్ళే బడి. పరీక్షల స్కోర్లు 5 శాతం ఎక్కువున్న బడి వైపు ఇంటికి జనం అదనంగా పెడుతున్నది 2 శాతం పైచిలుకేనని తేలింది. ఆరు లక్షల డాలర్ల ఇంటి మీద 2 శాతమంటే పన్నెండు వేలు. చిన్న డబ్బేం కాదు, కానీ మీ గ్రూపులో ఆయన చెప్పిన అంకె దగ్గరకి కూడా రాదు. నార్త్ కరోలినాలో షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ మీద థామస్ కేన్ బృందం చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఒక ఏడాది స్కోరు పెరిగిందనో తగ్గిందనో ఇళ్ళ ధరలు ఊగిపోవు, ఆ స్కూల్‌కి ఏళ్ళ తరబడి ఉన్న పేరుని బట్టే నడుస్తాయి. కాబట్టి ఇళ్ళు వెతికే జిల్లో సైట్లో కనిపించే గ్రేట్‌స్కూల్స్ వాళ్ళ రేటింగ్ పది నుంచి ఎనిమిదికి దిగిందని గుండె పట్టుకోవక్కర్లేదు.

నిజంగా దెబ్బ తగిలిన సందర్భాలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన షేకర్ హైట్స్ అని ఊరుంది. 1987లో అక్కడ కొన్ని ఎలిమెంటరీ స్కూళ్ళు మూసేసి బౌండరీలు మళ్ళీ గీశారు. పేటలో ఉన్న బడి చేజారిన చోట ఇళ్ళ విలువ దాదాపు 10 శాతం పడిందని బోగార్ట్, క్రామ్‌వెల్ అనే ఇద్దరు తర్వాత లెక్క కట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, నష్టమంతా రేటింగ్‌లో లేదు. చిన్నపిల్లలు వీధి చివరున్న బడికి వెళ్ళే సుఖం పోయింది, దానికి కూడా జనం ధర కడతారు. మీ విషయంలో మారుతున్నది హైస్కూల్. ఎలిమెంటరీ స్కూల్ అలాగే ఉంటే మీది షేకర్ హైట్స్ కేసు కాదు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ సంగతి మన వాళ్ళు చాలామందికి తెలియదు. 2000లో అక్కడి బోర్డు వైబెల్ ఎలిమెంటరీ పరిధిలోని పిల్లల్ని మిషన్ సాన్ హోసే హైస్కూల్ నుంచి తీసి ఇర్వింగ్టన్ హైస్కూల్‌కి మార్చింది. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఆసియా కుటుంబాల వాళ్ళే, ఆ మిషన్ పేరు చూసే అక్కడ ఇళ్ళు కొన్నవాళ్ళు. కోర్టుకెక్కారు, ఏకంగా డిస్ట్రిక్ట్ నుంచే విడిపోతామని కూర్చున్నారు. ఆ ఇర్వింగ్టన్ పేరు చెప్పుకునే ఇవాళ అక్కడ ఇళ్ళు అమ్ముతున్నారు. చదివే పిల్లలు వచ్చి చేరితే స్కోర్లు పెరక్కుండా ఎక్కడికి పోతాయి? మీ కమ్యూనిటీ నుంచి రెండు మూడు వందల మంది పిల్లలు ఒక్కసారిగా పక్క స్కూల్‌కి వెళ్తే నాలుగేళ్ళలో ఆ స్కూల్ రేటింగ్ ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇక అమ్మేద్దామన్న మాట. మీవారిని కాగితం పెన్సిలు తెచ్చుకోమనండి. ఇంటి ధర ఆరు లక్షలనుకుందాం, అప్పు నాలుగు లక్షలు. 2021లో తీసుకున్నారు కాబట్టి వడ్డీ 3 శాతం దగ్గర్లో ఉంటుంది, ముప్ఫై ఏళ్ళ లోన్ మీద నెలకి దాదాపు 1,690 డాలర్లు. అదే నాలుగు లక్షలు ఆరున్నర శాతానికి తీసుకుంటే 2,530 దాకా వస్తుంది. నెలకి 840 చొప్పున ఏడాదికి పదివేలు, ఏటా. దీనికి ముందు ఇల్లు అమ్మడానికి కమిషన్లూ ఇతర ఖర్చులూ కలిపి 5 శాతం వేసుకున్నా ముప్ఫై వేలు. పన్నెండు వేలు పోతాయేమోనన్న భయంతో మొదటి ఏడాదే నలభై వేలు వదులుకుంటారా? భయం మూడింతలైనా ఈ లెక్క మీకు లాభం కాదు.

పైగా ఒకే నెలలో మీ కమ్యూనిటీలో పది ఇళ్ళ ముందు అమ్మకం బోర్డులు లేస్తే, స్కూల్ వల్ల కాదు, ఆ బోర్డుల వల్లే రేటు పడుతుంది. ప్రపోజల్ నడుస్తున్న నెలల్లో కొనేవాళ్ళు ఎలాగూ వెనకాడతారు, ఏదో ఒకటి తేలాక మామూలుగా వస్తారు. అమ్మడానికి అన్నిటికంటే చెడ్డ సమయం ఇదే. ఒకవేళ వేరే కారణంతో అమ్మక తప్పకపోతే లిస్టింగ్‌లో పాత హైస్కూల్ పేరు గొప్పగా వేయించకండి, ప్రపోజల్ ఉందని చెప్పేయండి. దాచిపెట్టి తర్వాత లాయర్లతో పడటం కంటే అది చవక.

ప్రాస్పర్ మాటంటారా, పెనం మీంచి పొయ్యిలో పడటమే. ప్రాస్పర్, సెలీనా వైపు ఊళ్ళు పెరుగుతున్నాయి, కొత్త స్కూళ్ళు కడుతున్నారు. కొత్త స్కూల్ తెరిచారంటే చుట్టుపక్కల స్కూళ్ళ గీతలు మళ్ళీ గీయాల్సిందే. మీ బాబు హైస్కూల్‌కి రావడానికి ఇంకా ఆరేళ్ళుంది, ఈలోపు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉన్నా మ్యాప్ ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకప్పుడు పిల్లలు ఎక్కువై గీతలు మారేవి, ఇప్పుడు పాత ఊళ్ళలో తక్కువై మారుతున్నాయి. మీ డాలస్ శివార్లలోనే ప్లేనో బోర్డు 2024 జూన్‌లో నాలుగు స్కూళ్ళు మూయాలని ఓటేసింది, ఫ్రిస్కోలో కూడా ఒక మిడిల్ స్కూల్ మూతపడింది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినా తల్లిదండ్రులు అవే ఇళ్ళలో ఉన్నారు, కొత్తగా పెళ్ళైన జంటలకి ఆ రేట్లు అందక ఇంకా ఉత్తరాన ఉన్న ఊళ్ళకి పోతున్నారు.

బోర్డు మీటింగ్‌కి మాత్రం వెళ్ళండి. మైకు దగ్గర మూడు నిమిషాలిస్తే అందులో ఇంటి విలువ ఎత్తకండి. ఆ మాట ప్రతి మీటింగ్‌లో వినీ వినీ వాళ్ళ చెవులు మూసుకుపోయి ఉంటాయి. బస్సు ఎంతసేపు, పిల్లలు ఏ రోడ్డు దాటాలి, పాత స్కూల్లో ఎన్ని సీట్లకి ఎంతమంది ఉన్నారు, డిస్ట్రిక్ట్ పెట్టిన షీట్లోనే ఈ అంకెలుంటాయి, వాటితో మాట్లాడండి. హైస్కూల్లో ఇప్పటికే ఉన్న పై తరగతుల పిల్లల్ని చాలాచోట్ల అక్కడే పూర్తి చేయనిస్తారు, కానీ బస్సు ఇవ్వరు, తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఆ వెసులుబాటు ఉండదు. మీ పాప ఇంకా ఏడే కాబట్టి తనకి ఇది వర్తించకపోవచ్చు, అడిగి చూసుకోండి. ఇంకోటి, గ్రూపులో కొందరు ఆ పక్క స్కూల్ గురించి మాట్లాడుతూ అక్కడి పిల్లలు ఎవరు, ఏ రంగు అని మొదలుపెడతారు చూడండి, అక్కడ మీరు ఊరుకోకండి. రేపు మీ పాప స్నేహితులు వాళ్ళే.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో ఇల్లు చూస్తున్నాడు. ఒకే ఊళ్ళో ఒకేలాంటి రెండు ఇళ్ళు, ఒకదానికి ఎక్కువ రేటు. ఎందుకురా అంటే స్కూల్ అంటాడు. నేను ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. బడి కోసం ఇల్లు కొనడం నాకు అర్థం కావట్లేదు. ఫీజు కట్టి బస్సెక్కిస్తే సరిపోదా?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మన దగ్గర గుంటూరులో బడైనా తెనాలి పిల్లాడి కోసం పసుపు బస్సు గుమ్మం ముందుకొస్తుంది, ఫీజు కడితే సీటు మీది. అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు, కానీ ఏ బడో మీరు ఎంచుకోరు, మీ ఇంటి అడ్రసే ఎంచుకుంటుంది. ప్రతి ఇంటికీ ఒక ఎలిమెంటరీ, ఒక మిడిల్, ఒక హైస్కూల్ రాసిపెట్టి ఉంటాయి. ఇక్కడ మనం డొనేషన్ అని కట్టేదాన్ని అక్కడ హోమ్‌లోన్‌లో కలిపి ముప్ఫై ఏళ్ళు కడతారు. ఫీజు కట్టే ప్రైవేటు బడులూ ఉన్నాయి, ఇద్దరు పిల్లలకి ఆ ఫీజు చూస్తే ఎక్కువ రేటు ఇల్లే నయమనిపిస్తుంది.

అయితే మీ సందేహంలో న్యాయం ఉంది. ఆష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీ కూడా వేగంగా పెరిగిన ప్రాంతమే, అక్కడా కొత్త స్కూళ్ళతో పాటు గీతలు మారుతూ వచ్చాయి. మీవాడు డబ్బిస్తున్నది ఇంటికి. స్కూల్ ఆ పత్రాల్లో ఎక్కడా ఉండదు. రెండు ఇళ్ళ స్కూళ్ళూ ఒకే కౌంటీవే కాబట్టి తేడా మరీ ఎక్కువగా ఉంటే తక్కువ రేటు ఇల్లే చూడమనండి. మనవడిని సాయంత్రం కూర్చోబెట్టి లెక్కలు చెప్పడానికి వీడియో కాల్లో మీరున్నారు కదా.

ప్రశ్న: నార్త్ కరోలినాలో కేరీలో కొత్త కమ్యూనిటీలో బుక్ చేద్దామనుకుంటున్నాం. బిల్డర్ ఆఫీసులో అమ్మాయి ఎదురుగా ఉన్న ఎలిమెంటరీ స్కూలే వస్తుందని బ్రోషర్‌లో చూపించింది. నమ్మొచ్చా?
— పాఠకుడు, కేరీ

జవాబు: నమ్మకండి. ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని కాదు, తన చేతిలో లేనిది చెప్పింది. మీ కేరీ ఉన్న వేక్ కౌంటీలో క్యాప్ అని ఒకటుంది. స్కూల్ నిండిపోతే, ఫలానా తేదీ తర్వాత ఆ పరిధిలోకి వచ్చిన కుటుంబాల పిల్లల్ని వేరే స్కూల్‌కి పంపుతారు. అంటే కిటికీలోంచి స్కూల్ కనిపిస్తూ ఉంటుంది, మీవాడు మాత్రం బస్సెక్కి ఇంకెక్కడికో పోతాడు. కౌంటీ స్కూళ్ళ సైట్లో అడ్రస్ కొడితే కేటాయించిన స్కూల్ వస్తుంది, దానికి క్యాప్ ఉందో లేదో, ఉంటే పిల్లల్ని ఎక్కడికి పంపుతున్నారో చూడండి. ప్లాట్ కొత్తదై అడ్రస్ ఇంకా ఎక్కకపోతే స్కూళ్ళ ఆఫీసుకే ఈమెయిల్ చేసి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ రాత కూడా ఈ ఏడాదికే.

ప్రశ్న: మా జోన్ మారింది, ఇంటి విలువ తగ్గినట్టే కదా. ఆ కారణం చూపి ప్రాపర్టీ టాక్స్ తగ్గించమని ప్రొటెస్ట్ చేయొచ్చా?
— పాఠకుడు, కాలిన్ కౌంటీ, టెక్సస్

జవాబు: చేయొచ్చు, కానీ జోన్ మారిందన్న ఒక్క మాటకి ఎవరూ తగ్గించరు. డిస్ట్రిక్ట్ అదే కాబట్టి స్కూల్ టాక్స్ రేటు మారదు, మీరు వాదించాల్సింది జనవరి 1 నాటి మార్కెట్ విలువ మీద. గీత మారాక మీ వైపు ఇళ్ళు ఎంతకి అమ్ముడుపోయాయో చూపాలి, టెక్సస్‌లో అమ్మకం ధరలు బయటపెట్టాలన్న చట్టం లేదు కాబట్టి ఆ అంకెలు తెలిసిన రియల్టర్ దగ్గర తీసుకోండి. నోటీసు చేతికొచ్చాక ఆలస్యం చేయకండి, మామూలుగా మే 15 ఆఖరు. సొంతంగా ఉంటున్న ఇంటికి టాక్స్‌లో ఇచ్చే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి అప్లికేషన్ పెట్టారో లేదో కూడా ఓసారి చూసుకోండి. స్కూల్ టాక్స్‌లో మినహాయింపుని 2025 నవంబర్ ఓటింగ్‌లో లక్ష నుంచి 1,40,000 డాలర్లకి పెంచారు. అది పెట్టకుండా ప్రొటెస్ట్ కోసం తిరిగేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.