సింగపూర్‌లో రోజుకు ఎంత కావాలి? దానికి లోన్ ఎందుకు?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం, నెలకు చేతికి 42 వేలు వస్తుంది. స్నేహితురాలితో కలిసి జనవరిలో బ్యాగు భుజాన వేసుకుని సింగపూర్‌లో ఐదు రోజులు తిరిగి రావాలని ఉంది. ఇంకా ఐదు నెలల టైముంది. విమానం టికెట్లు, వీసా, హాస్టల్ బెడ్‌కు డబ్బు పక్కన పెట్టేశాను. అక్కడ రోజుకు ఎంతవుతుందో అంచనా లేక, ఒక యాప్‌లో 60 వేల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. 90 వేల ఎఫ్‌డీ ఉంది కానీ అది అత్యవసరానికి దాచుకున్నది. ‘అప్పు చేసి పప్పుకూడు ఎందుకే’ అని అమ్మ రోజూ గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండి. లోన్ మాత్రం వద్దు. ఎఫ్‌డీ జోలికి వెళ్లకూడదన్న మీ ఆలోచన చాలా మంచిది, దాన్ని అలాగే ఉండనివ్వండి. ఖర్చెంతో తెలియక భయపడి అప్పు చేయబోతున్నారు. అందుకే ముందు ఒక్క రోజు లెక్క వేద్దాం.

సింగపూర్ డాలరుకు 70 రూపాయలు వేసుకుందాం. లెక్క సులువు.

పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌తో మొదలుపెట్టండి. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన తోట అది. ఉదయం 5 గంటలకే తెరుస్తారు, లోపలికి పైసా అక్కర్లేదు. అందులోని ఆర్కిడ్ తోటకు మాత్రం 15 డాలర్ల టికెట్టు. తోట దగ్గరి మెట్రో స్టేషన్ నుంచి నీలం రంగు డౌన్‌టౌన్ లైను రైలు ఎక్కితే లిటిల్ ఇండియా, బుగిస్, బేఫ్రంట్, చైనాటౌన్ అన్నీ ఆ దారిలోనే వస్తాయి. మీ మొదటి రోజంతా ఈ ఒక్క లైను మీదే నడిచిపోతుంది. లిటిల్ ఇండియాలో దిగగానే టెక్కా సెంటర్ అనే మార్కెట్, తిండి దుకాణాల సముదాయం ఉంటుంది. ఐదారు డాలర్లకు దోసె, కాఫీ అయిపోతాయి. సెరంగూన్ రోడ్డు వెంబడి నడిస్తే శ్రీనివాస పెరుమాళ్ కోవెల వస్తుంది. పేరు తమిళమైనా లోపలున్నది మన వెంకన్నే. మధ్యాహ్నం గుడి మూసేలోపే వెళ్లండి.

భోజనానికి హాకర్ సెంటర్లే మీ దిక్కు. పెద్ద షెడ్డు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలుంటాయి. ఆరేడు డాలర్లకు కడుపు నిండుతుంది. అక్కడివాళ్లు బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లారంటే ఆ సీటు వాళ్లదని అర్థం, అక్కడ కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే తిరిగి పెట్టాలి, పెట్టకపోతే జరిమానా పడొచ్చు. చాలా దుకాణాల్లో నోట్లు లేదా స్థానిక క్యూఆర్ కోడ్ నడుస్తాయి కాబట్టి ఒక వంద డాలర్లయినా నోట్ల రూపంలో ఉంచుకోండి.

సాయంత్రం బేఫ్రంట్‌లో దిగండి. గార్డెన్స్ బై ద బే తోటలోని సూపర్‌ట్రీల (చెట్టు ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) కింద రాత్రి 7.45కు, మళ్లీ 8.45కు దీపాల ప్రదర్శన ఉంటుంది. టికెట్ లేదు. గడ్డి మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్లే ఎక్కువ. అక్కడి గాజు గోపురాల్లోకి వెళ్లాలంటే మాత్రం ఖర్చు గట్టిగానే ఉంటుంది, కింది లెక్కలో రోజుకు ఒక టికెట్‌కని వేసిన డబ్బును మూడు రోజులది కలిపి దానికి వాడండి.

ఇప్పుడు కూడదాం. టిఫిన్ 6, మధ్యాహ్నం 7, రాత్రి 9, మధ్యలో కాఫీ, జ్యూసు 3, అంటే తిండికి 25 డాలర్లు. ఐదారు రైలు, బస్సు ప్రయాణాలకు 10. ఒక టికెట్‌కు 15. మొత్తం 50 డాలర్లు, మన లెక్కలో 3,500 రూపాయలు. ఐదు రోజులకు 17,500. చేతి మీద మరో 2,500 కలిపితే 20 వేలు. నెలకు 4 వేలు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేస్తే ఐదు నెలల్లో ఈ డబ్బు చేతికొస్తుంది. అదే 60 వేల లోన్ 24 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 5,670 చొప్పున ఏడాది కట్టాలి. వడ్డీయే 8 వేలు దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆ వడ్డీతో సింగపూర్‌లో మరో రెండు రోజుల తిండి, తిరుగుడు ఖర్చు వెళ్లిపోతుంది.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో నా అనుభవం చెబుతాను. ఏడాదిన్నర కిందట వెళ్లినప్పుడు పొద్దుట్నుంచీ నడిచీ నడిచీ మధ్యాహ్నం మూడింటికి ఆర్చర్డ్ రోడ్డులో కాళ్లు పీకేశాయి. చల్లగా ఉందని ఒక మాల్‌లోని కెఫేలో కూర్చున్నాను. మెనూలో కాఫీ, కేకు కలిపి 14 డాలర్లు. ధర పక్కన రెండు చిన్న ప్లస్ గుర్తులున్నాయి, పట్టించుకోలేదు. ఒకటి 10 శాతం సర్వీస్ చార్జి, రెండోది 9 శాతం జీఎస్టీ. బిల్లు 16.79 వచ్చింది. కార్డు మిషన్ మీద ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే అలసటలో రూపాయలు నొక్కాను. వాళ్లు వేసిన రేటుతో ఇంకొంత పోయింది. హాకర్ సెంటర్‌లో రెండు పూటలు తినే డబ్బు అరగంటలో ఖర్చయిపోయింది.

కాబట్టి డబ్బు కారేది చూసే చోట్ల కాదు, అలసిపోయిన వేళ. దానికి ముందే ఏర్పాటు చేసుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు బుగిస్ దగ్గరి నేషనల్ లైబ్రరీలో కూర్చోండి. ఏసీ, శుభ్రమైన టాయిలెట్లు, ప్రవేశం ఉచితం. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, ఖాళీ సీసా ఒకటి బ్యాగులో ఉంటే చాలు. కార్డు మిషన్ ఎప్పుడు అడిగినా సింగపూర్ డాలర్లే నొక్కండి.

రైలుకు, బస్సుకు వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తున్న ట్యాప్ చేసే బ్యాంకు కార్డు సరిపోతుంది. విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం, అది నేను పైన కలిపే లెక్కేశాను. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లదే. బస్సు దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయడం మరవద్దు. మన డెబిట్ కార్డులో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి రోజు లిమిట్ పెట్టుకోండి. మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు చార్జి, ఎంతో కూడా చూడండి. చాలా కార్డుల మీద మూడు శాతం పైనే పడుతుంది, విదేశీ డబ్బు ముందే నింపుకునే మంచి ఫారెక్స్ కార్డుకు అది ఉండదు.

సింగపూర్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలోకి వచ్చేవాళ్లు ఇచ్చే ఫారం, అక్కడ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. అధికారిక సైట్‌లో అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి. షాపింగ్‌లో ఒకే దుకాణంలో కనీసం వంద డాలర్లకు కొంటే జీఎస్టీ వాపసు అడగొచ్చు. కానీ వంద చేయడం కోసం అవసరం లేని వస్తువు కొనకండి.

ఒక్క చోట మాత్రం పిసినారితనం వద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అక్కడ ఆసుపత్రి బిల్లు ఒక్కటి చాలు, మీ ఎఫ్‌డీ మొత్తం కరిగిపోవడానికి. పాలసీ కాపీ, హాస్టల్ అడ్రసు, తిరుగు టికెట్ అమ్మ ఫోన్‌కు పంపండి. ఈ 20 వేల లెక్క కాగితం కూడా ఆవిడ చేతికివ్వండి. అప్పు లేదని తెలిస్తే ఆవిడే బ్యాగు సర్దడానికి వస్తారు.