పుస్తకం తెరిస్తే చెయ్యి కొరుక్కుంటాడు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్, బుద్ధి ఎదుగుదల నెమ్మది. మాటలు నాలుగైదే వచ్చు. సాయంత్రం ట్యూషన్ వాళ్ళిచ్చిన చూచిరాత రాయించబోతే మణికట్టు కొరుక్కుంటాడు, పుస్తకం విసిరేస్తాడు. మా అత్తగారు "పోనీలే, ఏడిపించకు" అని తీసుకెళ్ళి టీవీ ముందు కూర్చోబెడతారు. నెల రోజులుగా రాత్రిళ్ళు కూడా లేచి కుడి చెంప మీద కొట్టుకుంటున్నాడు. నాలుగు తగిలిస్తే దారికొస్తాడని మావారు, మందు వేయించమని మా అన్నయ్య. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, సాయంత్రం కొరుక్కోవడం, రాత్రి కొట్టుకోవడం, ఈ రెండింటినీ మీరు ఒకే మొండితనం కింద కట్టేశారు. నాకవి వేరువేరు సంగతుల్లా ఉన్నాయి. ముందు రాత్రిది చూద్దాం.

అర్ధరాత్రి చూచిరాత రాయమని ఎవరూ అడగరు కదా. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు చెవి దారి ఇరుకు, కర్ణభేరి వెనక నీరు చేరడం మామూలు. పడుకుంటే పోటు ఎక్కువవుతుంది. నొప్పి అని చెప్పలేని పిల్లవాడు కొట్టుకుంటాడు. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, వినికిడి పరీక్ష కూడా చేయించండి. చెవి బాగుంటే కుడివైపు పళ్ళు చూపించండి. "ఈ పిల్లలు ఇంతేనమ్మా" అని చెవిలో లైటైనా వేయకుండా పంపేసేవాళ్ళుంటారు. కదలకండి, చూడమని అడగండి.

ఇక సాయంత్రం. కొరికాడు, పుస్తకం పోయింది, టీవీ వచ్చింది. వాడి లెక్కలో కొరకడం చక్కగా పనిచేస్తోంది. అత్తగారిని తప్పు పట్టను; మనవడి చేతి మీద పంటిగాట్లు చూసి ఏ నాయనమ్మ ఊరుకుంటుంది? కానీ ఆ విరామమేదో కొరకకముందే దొరకాలి. అరచెయ్యి ఎత్తి 'చాలు' అని చూపించడం నేర్పండి. రెండు గీతలు దిద్దగానే, చిరాకు మొదలవకముందే, మీరే వాడి చెయ్యి ఎత్తించి పుస్తకం మూసేయండి. తనంతట తాను ఎత్తిన రోజున ఆ క్షణమే మూయాలి. ఇంకొక్క లైను అని బేరాలొద్దు. కుదురుకున్నాక గీతలు పెంచుకోవచ్చు.

కొరికితే? తిట్టొద్దు, బతిమాలొద్దు, టీవీ అసలే వద్దు. గాయం కాకుండా అడ్డుపడి, ఒక చిన్న గీత గీయించి, చెయ్యి ఎత్తించి ముగించండి. మొదట్లో కొరకడం పెరగొచ్చు. ఎప్పుడూ తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే మనమూ గట్టిగానే తోస్తాం. అప్పుడు గనక లొంగితే, అంత గట్టిగా కొరికితేనే పని జరుగుతుందని నేర్చుకుంటాడు. రక్తం వచ్చేలా కొరుకుతుంటే మాత్రం ఇదంతా ఇంట్లో ఒంటరిగా చెయ్యకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడి సైకాలజిస్టులకు చూపించండి. ఎప్పుడు కొరికాడు, అంతకుముందు ఏం జరిగింది, తరవాత వాడికేం దొరికింది, ఈ మూడూ పది రోజులపాటు రాసి పట్టుకెళ్ళండి.

నన్నడిగితే అసలా చూచిరాతే దండగ. కంచాలు లెక్కపెట్టి ఇంటిల్లిపాదికీ వడ్డన సర్దడం వాడికి ముందు కావాలి. ట్యూషన్ వాళ్ళకు మీరే చెప్పండి.

మందంటే చిరాకును, దూకుడును తగ్గించే రిస్పెరిడోన్ లాంటివి. పిల్లల సైకియాట్రిస్టు చూసి, పరిస్థితి తీవ్రంగా ఉంటేనే రాయాలి. వాటితో ఆకలి, బరువు పెరుగుతాయి. ఈ పిల్లలకు అసలే ఒళ్ళు త్వరగా వస్తుంది. మీరు చెప్పినదానికి ఇప్పుడే ఆ అవసరం కనిపించట్లేదు.

మీవారికి ఈ ముక్క చదివి వినిపించండి: నాలుగు తగిలిస్తే బాబు ఏడుస్తాడు, ఆ పూటకు రాత ఆగిపోతుంది. అంటే వాడికి కావలసింది మళ్ళీ దొరికినట్టే.